పద్నాలుగు మంది నారాయణమ్మలు

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. మిగతా సంగతి తర్వాత.

బాగేపల్లిలో: నలభై రెండు మంది పిల్లల అసలు మార్కులు. చిక్కబళ్లాపురంలో: ఒక అత్తగారు, మూడు గంటల పది నిమిషాల పాటు. చింతామణిలో: పదమూడు పేర్లు, వాటి పక్కనే ఉన్న పదమూడు అంకెలు, సగం రాసిన నోటుబుక్కు ఒకటి, టెంపోకు రెండు ట్రిప్పుల డీజిలు. వీటితో పాటు కూడికలో నేను తప్పు చేయనన్న నమ్మకం కూడా పోయింది. కానీ దానికి అంకె లేదు కాబట్టి లెక్కలో చేర్చలేదు.

వీటిలో చాలావరకు తిరిగి వచ్చాయి. అత్తగారు కూడా వచ్చారు.

నేను కాలేజీలో కంప్యూటరు చదివినవాణ్ణి కాను. వేరుశనక్కాయల మిల్లులో తూకాలు రాసేవాణ్ణి. పాత పుస్తకాల అంగడిలో సి భాష నేర్పే లావుపాటి పుస్తకం దొరికితే కొన్నాను. చివరి నలభై పేజీలు లేవు. ఆ పేజీల్లో ఏముండేదో తర్వాత జీవితమే చెప్పింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఈ మూడు ఊళ్లలో అంగళ్లవాళ్లు ఒక్కొక్కరే కంప్యూటరు కొనడం మొదలుపెట్టారు. కొన్నాక దానితో ఏం చేయాలో తెలియక నన్ను పిలిచేవారు. పోయిన ఏడాది కళ్లు ఇక చాలన్నాయి. మానేశాను.

ఇప్పుడు డిప్లొమా చేస్తున్న పిల్లలు అడుగుతుంటారు, ఇన్నేళ్లూ ఏం పని చేశారని. ఒక వరుసలో ఉన్నదాన్ని ఇంకో వరుసలోకి ఎత్తే పని, అంటాను. నవ్వుతారు. అది ఒక లైను పని కదా అంటారు. అందుకే ఇది రాస్తున్నాను. వంద లైన్ల ప్రోగ్రామును అందరూ అనుమానిస్తారు. ఒక్క లైనును ఎవరూ అనుమానించరు.

ఒకే ఇంటికి రెండు బోర్డులు

బాగేపల్లిలో ఒక ట్యుటోరియల్ మాస్టరు. పరీక్షలకు ముందు తనే ఒక పరీక్ష పెట్టేవాడు. మార్కుల పట్టీ నా చేత చేయించాడు.

"అసలు పట్టీ లోపల పెట్టప్పా. పెద్దోళ్లకు చూపించేదానికి ఇంకోటి చెయ్యి. అందులో తలా పదైదు కలుపు. ఇంటికాడ పిల్లోళ్లకు అన్నం పెట్టాల గదా" అన్నాడు.

మొదటి వరుస పేరు తీసుకుని, రెండో వరుస దానికి సమానం అని రాశాను. నకలు తయారైందనుకున్నాను. నిజానికి నేను చేసింది నకలు కాదు, ఉన్న ఇంటికే రెండో బోర్డు తగిలించడం. ఏ బోర్డు చూసి వెళ్లినా తలుపు ఒకటే. పైపట్టీలో కలిపిన పదిహేను లోపలి పట్టీలోనూ కలిసింది.

వారం తర్వాత, ఎవరు వెనకబడ్డారో చూద్దామని మాస్టరు లోపలి పట్టీ తెరిచాడు. ఒక్కరూ వెనకబడలేదు. "చూసినావా మన బోధన!" అని నాకు మైసూరుపాకు పెట్టించాడు. నేనూ తిన్నాను. నాలుగో రోజు పట్టీ మళ్లీ చూసుకుంటుంటే, ఒక అమ్మాయికి వందకు నూట ముప్పై తొమ్మిది మార్కులు కనపడ్డాయి.

తీసివేత వచ్చినవాడికి ఇది పెద్ద జబ్బు కాదు. ఆ అమ్మాయి పేపరు తెప్పించి చూశాను. తొంభై నాలుగు. తేడా నలభై ఐదు. అంటే మాస్టరు పదిహేను కలిపే మీటను మూడుసార్లు నొక్కాడు. అందరికీ నలభై ఐదు తీసేశాను. మాస్టరు మొహంలో కాంతి కూడా అంతే తగ్గింది.

నేర్చుకున్నది: నకలు కావాలంటే ముందు కొత్త ఇల్లు కట్టాలి. తర్వాత ఒక్కొక్క సామాను మోయాలి. బోర్డు తగిలిస్తే చాలదు.

సున్నా నంబరు సీటు

చిక్కబళ్లాపురంలో ఒక వ్యాను యజమాని ఆదివారాలు జనాన్ని నంది ఊరి గుడికి తీసుకుపోయేవాడు. సీట్లు రాసుకున్న పట్టీ నుంచి తిరుగు ప్రయాణంలో పేర్లు పిలిచే పట్టీకి ఎత్తే పని నాది. మనం ఒకటి, రెండు అని ఎంచుతాం. సి భాష సున్నా నుంచి ఎంచుతుంది. నేను మనిషిలా ఎంచాను, ఒకటి నుంచి ఎత్తాను. సున్నా నంబరు సీటు పట్టీకి ఎక్కలేదు.

ఆ సీటు డ్రైవరు వెనకది. అందులో ఎప్పుడూ యజమాని అత్తగారే కూర్చుంటారు.

నందిలో క్లీనరు పట్టీ చూసి పేర్లు పిలిచాడు. పిలిచినవాళ్లందరూ పలికారు. వ్యాను బయలుదేరింది. ఇంటికి చేరాక భార్య "మా అమ్మ యాడ?" అంటే, యజమాని "పట్టీలో లేదే" అన్నాడట. ఆ జవాబుకు ఏం జరిగిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు అత్తగారు నన్ను పిలిపించారు. గుడి మంటపంలో కూర్చుని బొరుగులన్నీ అయిపోయేదాకా ఎదురుచూశారట. "సున్నా కాడ ఎవురూ ఉండరనుకుంటివా నాయనా?" అన్నారు. తిట్టినా బాగుండేది.

వాకిలి దాటాక యజమాని నా వెంట వచ్చి, చెవి దగ్గర మెల్లగా, "ఆ తప్పు దిద్దేదానికి తొందరేమీ లేదప్పా" అన్నాడు.

ఆ సాయంత్రమే దిద్దాను. ఈ రెండు తప్పులూ నవ్వుకుని మరిచిపోయే రకం. మూడోది అట్లాంటిది కాదు.

చంద్రికల షెడ్డు

చింతామణిలో సుబ్బరాయప్ప అని ఒకాయన చంద్రికలు బాడుగకు ఇచ్చేవాడు. చంద్రిక అంటే మనిషి నిలువంత వెదురు తడిక. దాని మీద వెదురు బద్ద చుట్లు చుట్లుగా తిరిగి ఉంటుంది. పండిన పట్టుపురుగులను ఆ చుట్ల మధ్య వదిలితే గూడు కట్టుకుంటాయి. పంటకు ఐదు రోజులు తప్ప వీటి అవసరం ఉండదు. అందుకే రైతులు కొనరు, తెచ్చుకుని తిరిగి ఇస్తారు. సుబ్బరాయప్ప దగ్గర ఆరు వందల నలభై ఉండేవి.

పురుగు కుబుసం విడిచే ముందు తిండి మాని పడుకుంటుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన రోజే రైతు షెడ్డుకు వచ్చి పేరు, ఊరు, ఎన్ని చంద్రికలో చెప్పిపోతాడు. వారానికి పురుగు పండుతుంది. పండిన పురుగు ఆకు ముట్టదు. ఒళ్లు అద్దంలా మెరుస్తుంది, తల ఎత్తి చోటు వెతుకుతుంది. ఆ పూట చంద్రిక దొరక్కపోతే దారమంతా దొరికిన చోట కక్కి ఊరుకుంటుంది. నెల రోజులు ఆకు కోసి మేపిన కష్టం నేల మీద బూజులా మిగులుతుంది.

ఈ పేర్ల పట్టీ నోటుబుక్కులో ఉండేది. నేను దాన్ని కంప్యూటరులోకి ఎక్కించిన రోజు సుబ్బరాయప్ప ఆ బుక్కును నీళ్లపొయ్యిలో పెట్టేశాడు.

"దాచిపెట్టుకోప్పా, ఎందుకైనా మంచిది" అన్నాను.

"ఇంకా బుక్కు చూస్తే కంప్యూటరుకు అవమానం గదప్పా" అన్నాడు. పనివాళ్లందరినీ నిలబెట్టి, కంప్యూటరు ఏం చెప్తే అది చేయాలి, ఎదురు ప్రశ్న ఉండకూడదు అని ఆజ్ఞ వేశాడు. యజమానుల్లో రెండు రకాలుంటారు: యంత్రాన్ని అసలు నమ్మనివాళ్లు, దేవుణ్ణి నమ్మినట్టు నమ్మేవాళ్లు. రెండోవాళ్లే ఎక్కువ ప్రమాదం.

ఒక రోజు సాయంత్రం. మర్నాటి పట్టీలో పద్నాలుగు పేర్లు. మొదటి పేరు సాదలి ఊరి నారాయణమ్మ, నలభై చంద్రికలు. అన్నీ కలిపితే ఐదు వందల అరవై రెండు. ఆ అంకె చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. అది నాకు మిల్లు రోజుల నుంచి ఉన్న అలవాటు.

ఇంతలో సుబ్బరాయప్ప బావమరిది ట్రాక్టరు వేసుకుని వచ్చాడు.

"బావా, ఎండకు పురుగు ఒక దినం ముందే పండె. అరవై కావాల."

"తీసకపో. లెక్కలప్పా, పేరు రాసుకో. పైన రాయి, అందరికన్నా పైన."

అప్పటిదాకా కొత్త పేరు ఎప్పుడూ చివరనే చేరేది. పైన ఎవరినీ రాయలేదు. దానికోసం ఒక లైను రాసి పెట్టి ఉంచాను గానీ, అది ఆ రోజే మొదటిసారి పనిచేసింది. పద్నాలుగు మందినీ తలా ఒక్క గడి కిందికి జరిపి, పైన ఖాళీ చేయాలి. మొదటివాళ్లను రెండో గడిలోకి, రెండోవాళ్లను మూడో గడిలోకి ఎత్తమని రాశాను. వినడానికి సరిగ్గానే ఉంది కదా?

పెళ్లి పంక్తిని తలచుకోండి. ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషికి పంక్తి మొదట్లో చోటు కావాలి. అప్పుడు వడ్డించేవాడు చివర కూర్చున్నవాణ్ణి ముందు లేపి జరుపుతాడు. మొదటివాణ్ణి ముందు లేపితే వాడు రెండోవాడి ఒళ్లో కూర్చుంటాడు. పెళ్లిలో అయితే రెండోవాడు అరుస్తాడు. కంప్యూటరులో కింద పడినవాడు మాయమైపోతాడు, అరవడు కూడా. నారాయణమ్మ రెండో గడిలో కూర్చుంది. ఇప్పుడు రెండో గడిలో ఉన్నది నారాయణమ్మే కదా, ఆమే మూడో గడిలోకి పోయింది. అక్కడి నుంచి నాలుగుకు. చివరిదాకా ఆమే.

అయినా నేను సరిచూడకుండా ఉండలేదు. ఐదు వందల అరవై రెండుకు అరవై కలిపితే ఆరు వందల ఇరవై రెండు. తెర మీద ఆరు వందల ఇరవై. రెండు తక్కువ. పేర్లు చూడలేదు, మొత్తమే చూశాను. నేనే ఎక్కడో కూడిక తప్పానేమో అనుకుని, చీటీ మీద ఆరు వందల ఇరవై రెండును కొట్టేసి ఆరు వందల ఇరవై అని రాశాను. సుబ్బరాయప్ప జబ్బు నాకూ అంటిందని అప్పుడు తెలియలేదు. పద్నాలుగు నలభైలు ఐదు వందల అరవై. పదమూడు ఇళ్లు మాయమైతే మొత్తంలో తేడా కేవలం రెండు!

ఆ తర్వాత, జాగ్రత్త గలవాణ్ణి కదా, పట్టీని రెండు ఫ్లాపీల మీదికి నకలు తీశాను. కాగితం మీద అచ్చు వేసి, టెంపో డ్రైవరు రామాంజికి ఇచ్చి ఇంటికి పోయాను.

సాదలికి పందిరి

తెల్లవారి రామాంజి పట్టీ చూసి, పళ్లు తోముకుంటున్న సుబ్బరాయప్ప దగ్గరకు పోయాడట.

"అప్పా, అన్నీ సాదలికేనా?"

"కంప్యూటరు ఏం చెప్పె?"

"సాదలి అనే చెప్పె."

"మరి నన్నేల అడుగుతావురా?"

నేను తొమ్మిదిన్నరకు షెడ్డు చేరేసరికి ఫోను మోగుతోంది. ఎత్తాను.

"ఎవరప్పా అది, లెక్కలాయనేనా? నేను సాదలి నారాయణమ్మను."

"చెప్పమ్మా."

"నేను అడిగింది నలభై. పొద్దున్నే ఎనభై దించె. బాగుండేవి ఏరుకోమని పంపినారేమోలే అనుకుంటి. ఇప్పుడు ఇంకో ఎనభై తెచ్చినాడు. ఇంకా ఐదు ట్రిప్పులుండాయి అంటాడు. ఏమప్పా, ఇవి నా పురుగులకా, సాదలికంతా పందిరేసేదానికా?"

తెర ముందు కూర్చున్నాను. పైన బావమరిది. కింద పద్నాలుగు మంది నారాయణమ్మలు, తలా నలభై చంద్రికలతో. మొదటి ఫ్లాపీ పెట్టి చూశాను. పద్నాలుగు మంది నారాయణమ్మలు. రెండో ఫ్లాపీ. అక్షరం పొల్లు పోలేదు. నకలు తీయడంలో ఆ రోజు నేను చేసినంత చక్కటి పని మళ్లీ చేయలేదు.

సుబ్బరాయప్ప వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"మిగిలినోళ్ల పేర్లు యాడికి పోయె?"

"ఒకరి మీద ఒకరు కూర్చున్నారప్పా."

"అయితే లేపు."

"లేవరు."

అప్పుడు ఆయనకు నీళ్లపొయ్యి గుర్తొచ్చింది. అటువైపు చూశాడు. పొయ్యి బాగానే మండుతోంది.

పదమూడు ఇళ్లు. ఇంటికి సుమారు నలభై వేల పురుగులు తల ఎత్తి చోటు వెతుకుతున్నాయి. పొద్దు గూకేలోగా చంద్రికలు చేరాలి. ఎంతమంది అన్నది కంప్యూటరు చెప్తోంది. ఎవరన్నది చెప్పడం లేదు.

పదకొండుకల్లా నలుగురు వాళ్లంతట వాళ్లే వచ్చి గేటు దగ్గర అరిచారు. నా జీవితంలో తిట్లు అంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు. ఒక్కొక్కరు తిట్టినప్పుడల్లా ఒక గీత గీసుకున్నాను.

ఎనభై చంద్రికలు తిరిగి ఎక్కించుకుని వచ్చిన టెంపోలో నారాయణమ్మ కూడా దిగింది. పురుగులను కోడలికి అప్పజెప్పి వచ్చింది. ఆమెకు మల్బరీ తోట పెద్దది. మిగిలిన ఆకు చుట్టుపక్కల ఊళ్లకు అమ్మేది. ఎవరి పురుగు ఎన్నో జ్వరంలో ఉందో ఆమెకు వాళ్ల మనవళ్ల వయసుకన్నా బాగా తెలుసు.

"రాసుకోప్పా" అని వేళ్లు ముడిచి చెప్పడం మొదలుపెట్టింది. "ఈ వారం నా కాడ ఆకు రెండింతలు తీసకపోయినోళ్లు ఎవరంటే..." ఆరు పేర్లు చెప్పింది. ఊళ్లతో సహా. ఒక్కటీ తప్పలేదు.

రామాంజికి పేర్లు గుర్తులేవు, కుక్కలు గుర్తున్నాయి. "పోయిన పంటకు నా పంచె పీకిన నల్లకుక్క ఇల్లు ఒకటి. కుంటికుక్క ఇల్లు ఒకటి. ఆ రెండిండ్లవాళ్లూ మొన్న వచ్చి పేరు రాయించిరి, నేను చూస్తిని" అన్నాడు. రెండూ నిజమే.

నలుగురు, ఆరుగురు, ఇద్దరు. పన్నెండు. నారాయణమ్మతో పదమూడు. ఇంకొకరు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి టెంపో, బావమరిది ట్రాక్టరు కలిసి, సాదలిలో మిగిలిపోయిన నలభై కూడా ఎత్తుకుని, ఆ పన్నెండు ఇళ్లకూ చంద్రికలు చేర్చాయి. ట్రాక్టరుకు సుబ్బరాయప్పే ఎదురుగా నిలబడి తాళం లాక్కున్నాడు. ఎవరి దగ్గర ఎన్ని దించారో కలిపి చూశాను. నారాయణమ్మ నలభైతో సహా ఐదు వందల ఇరవై ఏడు. జేబులో చీటీ తీశాను. పై వరుసలో, కొట్టేయని అంకె: ఐదు వందల అరవై రెండు.

"మిగిలిన మనిషికి ముప్పై ఐదు" అన్నాను.

నారాయణమ్మ మళ్లీ వేళ్లు ముడిచింది. "ముప్పై ఐదని ఎవరూ అడగరప్పా. వంద కుప్పల గుడ్లు మేపితే నలభై అంటారు. ఈ మనిషి పురుగులు కొన్ని సచ్చింటాయి. ఉండేవాటికి లెక్కేసి అడిగింటారు. నీ మాదిరే లెక్కల మనిషి."

ఆ మాట నన్ను తిట్లకన్నా ఎక్కువ గుచ్చింది.

ముప్పై ఐదు చంద్రికలు లెక్కపెట్టి, రోడ్డుకు కనపడేలా షెడ్డు ముందు గోడకు ఆనించాం. ముగ్గురం కూర్చున్నాం. వచ్చిన ప్రతి బస్సు నుంచి దిగినవాళ్లను చూశాం. పొద్దు గూకింది. ఎవరూ రాలేదు.

"రాలేదంటే అక్కర లేదనే" అన్నాడు సుబ్బరాయప్ప.

"అక్కర లేక కాదప్పా" అంది నారాయణమ్మ. "టెంపో రాలేదంటే పేరు కొట్టేసినారు అనుకుంటారు. పెద్దోళ్ల బావమరుదులు పైకెక్కితే కిందోళ్ల పేర్లు పోతాయని ఎవరికి తెలీదు? కొందరు వచ్చి అరుస్తారు. కొందరు పురుగును వదిలేదానికి కంపకట్టెలు ఏరుకునేదానికి పోతారు."

సుబ్బరాయప్ప మర్నాడు తనే పోయి ఒక నోటుబుక్కు కొనుక్కొచ్చి కంప్యూటరు పక్కన పెట్టాడు.

నేను ఆ పంట కాలమంతా రామాంజి వెంట ఊళ్లు తిరిగాను. ఆ రోజు చంద్రికలు రాని ఇల్లు ఏదని అడిగాను. ఎవరూ చెప్పలేదు. అరిచినవాళ్లను వెతకడం సులువు. నేను పోగొట్టింది అరవని మనిషిని.

పనిలోకి వచ్చేవాళ్లకు

వరుసను కిందికి జరపాలంటే చివరి నుంచి మొదలుపెట్టండి. అంతకన్నా మంచిది, పక్కన కొత్త వరుస కట్టి అందులోకి ఎత్తి, పేర్లు గట్టిగా చదివి, అప్పుడు పాతదాన్ని చెరపండి. మొత్తం సరిపోయిందని మురిసిపోకండి. మొత్తానికి మనుషులు తెలియరు. ఇక రెండు తేడా వచ్చినప్పుడు మీ చీటీని కొట్టేయకండి. నేను పైఅంకెను కూడా కొట్టేసి ఉంటే ఈ రోజు ఎంత బాకీనో కూడా తెలిసేది కాదు.

తర్వాత ప్లాస్టిక్ చంద్రికలు వచ్చాయి. సుబ్బరాయప్ప షెడ్డు మూసేసిన రోజు నన్ను పిలిచి, వెదురువి ముప్పై ఐదు ఎంచి ఇచ్చాడు. "నీ బాకీ నీ ఇంట్లో పెట్టుకోప్పా" అన్నాడు. మా వెనక వరండాలో గోడకు ఆనించి ఉన్నాయి. మా ఇంటావిడ వాటి మీద వడియాలు ఎండబెడుతుంది. రెండు విరిగితే మేదరాయన చేత మళ్లీ అల్లించాను.

ఈ కథ హోటళ్లలో చాలాసార్లు చెప్పాను. ఆ పోయిన మనిషి తనేనని, కాఫీ ఇప్పించమని ఇప్పటికి తొమ్మిది మంది అన్నారు. అందరికీ కాఫీ ఇప్పించి, "ఎన్ని అడిగినావు?" అనేవాణ్ణి. తొమ్మిది మందీ నలభై అన్నారు. ఇప్పుడు అంకె ఇక్కడ రాసేశాను కాబట్టి ఆ పరీక్ష ఇక పనికిరాదు. పోనీ. ఆ మనిషి ఇది చదివితే పరీక్ష లేకుండానే ఇచ్చేస్తాను.

ఈ ఉదయం మళ్లీ ఎంచాను, సున్నా నుంచి కాదు, ఒకటి నుంచి. బాకీ: ముప్పై ఐదు.